మచ్చల ఈక

రాక్షస నామ సంవత్సరం మాఘమాసంలో నాకు రెండు పనులుండేవి. తెల్లవారగానే కాలువ బంగళా తోటకు వెళ్ళి, అక్కడికి వచ్చే పిట్టల్ని చూసి కాగితం మీద పెట్టడం ఒకటి. పొద్దెక్కాక మా అన్న సత్తియ్యతో కలిసి కొబ్బరి మొక్కలకు నీళ్ళు మొయ్యడం రెండోది. మొదటిదాన్ని పని అనడానికి మా అమ్మ వరహాలమ్మ ఒప్పుకునేది కాదు.

"పిట్టలు కులాసాగా ఉన్నాయా నాయనా? మన గురించి ఏమైనా అడిగేయా?" అనేది గంజి పోస్తూ.

ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టి అప్పటికి నాలుగేళ్ళు. కాలువలు ఒక్కొక్కటే కోనసీమలోకి దిగుతున్నాయి. కొత్తపేటకు కోసెడు దూరంలో, మా ఊరి పొలిమేరన, తవ్వకం చూసే దొర ఉండడానికి బంగళా కట్టేరు. దాని ముందు రెండెకరాల తోట. మామిడి, మేడి, గానుగ చెట్లు అంతకు ముందు నుంచీ ఉన్నవే. పూలమళ్ళు, నడవడానికి మట్టిబాటలు, కూర్చోడానికి ఇటుక అరుగులు కొత్తవి. సాయంత్రాలు ఊరివాళ్ళు పోయి ఆ అరుగుల మీద కూర్చుంటే దొర ఏమీ అనేవాడు కాదు. కాయ కొయ్యడానికి కాక ఊరికే కూర్చోడానికి ఒక తోట ఉండడం మాకు వింతగా ఉండేది.

దొర పెద్దవాడు, కీళ్ళ నొప్పుల మనిషి. తెలుగు పుస్తకాల్లోంచి నేర్చుకున్నాడు. ఒకరోజు కంచె కడుతున్న నన్ను పిలిచి, "ఓయీ, ఆ పక్షి యొక్క నామధేయమేమి?" అని అడిగాడు.

"ఏట్రింతండి. ఆవు వీపు మీద కూర్చుని పురుగుల్ని పడుతుందండి. దాని గూడు దగ్గరికి కాకి వస్తే తరిమి కొడుతుందండి," అన్నాను.

నేను అంత పొడుగు మాట మాట్లాడడం అరుదు. పిట్టలకు సంబంధించినదైతే వచ్చేది. వీధిబడిలో నాలుగేళ్ళు చదువుకున్నానని తెలిసి, మర్నాటి నుంచి వచ్చి రాయమన్నాడు. ఒక్కటే షరతు పెట్టాడు. "చూచినది వ్రాయుము. విన్నది వ్రాయకుము."

అలా రాశాను. గోరింకలు పొద్దున్నే మట్టిబాట మీద జంటలుగా నడుస్తాయి. పిగిలిపిట్ట తల మీద కుచ్చు, తోక కింద ఎరుపు. లకుముకి కాలువ గట్టున ఒకే కర్ర మీద రోజూ వాలుతుంది. జెముడుకాకి ఎగరడం కంటే నడవడానికి ఇష్టపడుతుంది. అన్నీ ఏడాది పొడుగునా మన పెరళ్ళలో తిరిగేవే. మాఘంలో ఆకు రాలి కొమ్మలు పలచబడతాయి కనుక బాగా కనిపిస్తాయి. అంతవరకు వాటిని చూశాననుకున్నాను కాని చూడలేదని ఆ తోటలోనే తెలిసింది.

ఊళ్ళో నన్ను పిట్టల గంగాధరం అనడం మొదలెట్టేరు. మొదట వెక్కిరింతకి. దొర నన్ను అరుగు మీద తన పక్కన కూర్చోబెట్టుకోవడం చూశాక వెక్కిరింత తగ్గింది. అది నాకు బాగుండేది.

నేనేం చూశానో మనసుపెట్టి అడిగే మనిషి ఇంట్లో ఒక్కతే, మా వదిన పైడమ్మ. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు కడుపు పండి, అప్పటికి ఎనిమిదో నెల నిండుతోంది. ఆవిడకు తల్లిదండ్రులు లేరు. అన్న ఒకడు పోలవరంలో పడవ నడుపుతాడు, ఇంట్లో ఆడదిక్కు లేదు. అందుకని పురుడు మా ఇంట్లోనే అనుకున్నాం. రోజూ నేను రాగానే చేట పక్కన పెట్టి, "ఇవాళ ఏం చూశారండీ మరిదిగారూ?" అనేది. చెప్పేవాణ్ణి. కంసాలిపిట్ట ఎండు కొమ్మకు బెజ్జం చేస్తోందంటే, "పాపం, దానికీ పురుడొస్తుంది కాబోలు," అని నవ్వేది.

మాఘ పౌర్ణమి దాటిన రెండోనాడు అన్నా నేనూ కొబ్బరితోటలో ఉండగా ఇంటివైపు కాకుల గోల వినిపించింది. తర్వాత మనుషుల గోల. వెళ్ళేసరికి వాకిలినిండా జనం.

పది పన్నెండు కాకులు ఏదో పిట్టను తరుముకొచ్చాయి. అది తప్పించుకోడానికి చూరు కింద నుంచి ఇంట్లో దూరింది. వంటింటి మూల కుండల మధ్య పడి రెక్కలు టపటపలాడించింది. వదిన దాన్ని బుట్ట కింద మూసి, మెల్లగా చేత్తో పట్టుకుని, పెరట్లో వదిలేసింది. కుండల దగ్గర ఈక ఒకటి మిగిలింది.

"పట్టపగలు కాకులు అన్నీ కలిసి తరిమేది దేన్నమ్మా? గుడ్లగూబనే కదా," అంది పక్కింటి వీరవేణి.

ఆ మాటతో మా అమ్మ వాకిట్లో చతికిలబడింది.

మా వైపు కట్టుబాటు అందరికీ తెలిసిందే. గుడ్లగూబ ఇంట్లో దూరితే ఆ ఇల్లు ఆరునెలలు పాడుపెట్టాలి. పొయ్యి వెలిగించకూడదు, దీపం పెట్టకూడదు, మనిషి పడుకోకూడదు. అదే జాతి చిన్నపిట్ట పగిడికంటె అయితే మూడు నెలలు. ఆ తర్వాత శాంతి చేయించుకుని మళ్ళీ ప్రవేశించాలి. శాంతి అయ్యేదాకా ఆ ఇంటివాళ్ళని చుట్టాలైనా గడప లోపలికి పిలవడానికి జంకుతారు.

వెంకటరమణ సిద్ధాంతిగారు వచ్చేరు. అరుగు మీద కూర్చుని ఈకను చేత్తో ముట్టుకోకుండా చూసేరు. తవిటిరంగు, అడ్డంగా తెల్లని చారలు.

"చూసిందెవరు?" అని అడిగేరు.

"నేనేనండి," అంది వదిన తలుపు చాటు నుంచి. "గుడ్లగూబ కాదేమోనండి. తోక పొడుగ్గా ఉందండి. కళ్ళు ఎర్రగా ఉన్నాయండి."

"నిండు మనిషి, భయంలో ఏం చూసిందో ఏం పాడో," అంది అమ్మ. "తోక పొడుగూ పొట్టీ అప్పుడు ఎవరికి తెలుస్తుంది?"

సిద్ధాంతిగారు నా వైపు తిరిగేరు. "ఒరే గంగాధరం, దొరగారికి పిట్టలు చెప్పేవాడివి నువ్వున్నావు. మేం ఊహించడం ఎందుకు? ఇది దేని ఈకో చెప్పు. నువ్వు చెప్పినట్టే చేద్దాం."

వాకిట్లో యాభైమంది ఉంటారు. మునసబు కామరాజుగారు కూడా వచ్చి నిలబడ్డారు. ఆయన ఎప్పుడూ నన్ను సత్తియ్య తమ్ముడా అని పిలవడమే కాని పేరు తలిచింది లేదు. ఆయన కూడా నేనేమంటానా అని చూస్తున్నారు.

నేను ఈక తీసుకున్నాను. చూపుడువేలితో అంచు రాశాను. గట్టిగా, పదునుగా ఉంది. గుడ్లగూబ ఈక అంచు దూదిలా ఉంటుంది, అందుకే అది ఎగిరితే చప్పుడు రాదు. ఈ పిట్ట రెక్కలు టపటపలాడాయని ఇప్పుడే విన్నాను. గుడ్లగూబకు తోక పొట్టి. ఇవన్నీ నాకు తెలుసు. అయితే ఇది ఏమిటో తెలియదు. అలాంటి ఈకను అంతవరకు నేను చూడలేదు.

తెలియదండి, అంటే సరిపోయేది. అయిదక్షరాలు. అంతమంది ముందు నా నోటికి అవి రాలేదు.

"గుడ్లగూబదేనండి," అన్నాను.

సిద్ధాంతిగారు తలాడించేరు. "అయితే ఆరు నెలలు."

తలుపు చాటున వదిన గాజుల చప్పుడు ఒకసారి వినిపించి ఆగింది.

ఆ సాయంత్రమే కొబ్బరితోటలో, కాలువగట్టు కింద, పాక వేశాం. తాటిదుంగలు నాలుగు, కొబ్బరాకు దడి, పైన తాటాకు. అన్నకు నా మీద కోపం లేదు. నా తమ్ముడు చెప్పడం వల్ల చెడు ముందే తెలిసిందని నలుగురితో అన్నాడట.

మాఘంలో ఆ చోట పొద్దున్న జాముసేపు మంచు. దడి సందుల్లోంచి కాలువ మీది గాలి. వదిన పేడతో దడి మెత్తుతూ ఉండేది. ఒకపక్క ఎండేలోపు రెండోపక్క బీటలిచ్చేది.

"అది గుడ్లగూబ అంటారా మరిదిగారూ?" అని ఒక్కసారే అడిగింది.

"ఆయ్," అన్నాను.

"మీరు చెప్పేక ఇంక అదే అయ్యుంటుందిలెండి. నాకేం తెలుసు," అంది. ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు.

శివరాత్రి తొమ్మిది రోజులుందనగా, ఒక పొద్దున తోటలో మేడిచెట్టు కింద కూర్చున్నాను. మేడిపళ్ళు పండాయి. మగ కోయిల ఒకటి వచ్చి వాలింది. నల్లగా నిగనిగలాడుతూ, కళ్ళు నిప్పుల్లా. ఇంకా గొంతు పూర్తిగా విప్పలేదు, కూత సగంలో ఆపేస్తోంది. పండొకటి ముక్కున కరుచుకుని పై కొమ్మకు గెంతింది. అక్కడ ఇంకో పిట్ట ఉంది. ఆకుల్లో కలిసిపోయి అంతవరకు నాకు కనపడలేదు. ఒళ్ళంతా తవిటిరంగు, తెల్లమచ్చలు. పొడుగాటి తోక మీద అడ్డంగా తెల్లచారలు. కళ్ళు మగదాని కళ్ళలాగే ఎర్రన. నల్లపిట్ట పండు తెచ్చి దాని నోట్లో పెట్టింది.

అంతలో రెండు కాకులు చూశాయి. అరుస్తూ మీదపడ్డాయి. మచ్చలపిట్ట కిక్ కిక్ మంటూ గానుగచెట్ల మీదుగా పారిపోయింది. రెక్కల చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. దొర కర్ర పొడుచుకుంటూ వచ్చి, "నేడు ఏమి చూచితివి?" అన్నాడు. చెప్పాను. ఆయన మొహం విప్పారింది.

"అది ఆడుకోయిల. ఆ జంట కాకి గూటియందు గ్రుడ్లు పెట్టును. అందుచేత కాకులకు వైరము. మీ గ్రామస్థులు ఎరుగరా?"

"ఎరుగరండి," అన్నాను.

"వ్రాయుము," అన్నాడు.

రాశాను. మచ్చలు, తోక, కళ్ళ రంగు, కాకులు, అన్నీ రాశాను. నా చేతిరాత ఆ రోజు ఎప్పటికంటే బాగా వచ్చింది.

తిరిగి వస్తూ దారిపొడుగునా మాటలు పేర్చుకున్నాను. సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్ళాలి. పొరపాటు పడ్డానండి అనాలి. అది కోయిలండి, మంచి పిట్టండి అనాలి. ఇవాళే ఇంట్లోకి వెళ్ళిపోవచ్చు. దారిలో కామరాజుగారు ఎదురయ్యేరు. "ఏం గంగాధరం, దొరగారు కులాసానా?" అని పేరుపెట్టి పిలిచేరు. పేర్చుకున్న మాటలు చెదిరిపోయాయి. సాయంత్రం వెళ్దాంలే అనుకున్నాను.

పాక దగ్గర వదిన దడికి పేడ మెత్తుతోంది. మోచేతుల దాకా పేడ. నన్ను చూసి నడుము మీద చెయ్యి పెట్టి మెల్లగా లేచి, "ఇవాళ ఏం చూశారండీ మరిదిగారూ?" అంది.

"గోరింకలు," అన్నాను.

"గోరింకలేనా?"

"ఆయ్."

సాయంత్రం వెళ్ళలేదు. మర్నాడూ వెళ్ళలేదు. పురుడుకు ఇంకా పక్షం పైన ఉందని మంత్రసాని మరియమ్మ చెప్పింది కదా, ఈలోగా చెబుదాం అనుకున్నాను. రోజు గడిచేకొద్దీ, నిన్ననే ఎందుకు చెప్పలేదు అన్న ప్రశ్న ఒకటి అదనంగా వచ్చి చేరేది. అలా తొమ్మిది ప్రశ్నలు చేరాయి.

శివరాత్రినాడు కాలం కాని కాలంలో వాన పట్టింది. ఈదరగాలితో రోజంతా కురిసింది. పాక పైన తాటాకు రెండుచోట్ల లేచిపోయింది. అన్నా నేనూ గోనెలు కప్పి కొసలు పట్టుకుని నిలబడ్డాం. నేల నుంచి కూడా నీళ్ళు ఊరాయి. మర్నాడు తెల్లవారుతూ ఉండగా, మరియమ్మ తడిగడ్డి ఒత్తి పక్కకు నెట్టిన చోట, వదిన ఆడపిల్లను కంది.

మా ఇల్లు నూరు గజాల దూరంలో, పెంకులు తడిసి, తలుపులు మూసి, లోపల పొడిగా ఉంది. మరియమ్మ నన్ను చూసి, "ఏవయ్యా, నిప్పుసెగ పెడదామంటే పొడిపుల్ల ఒక్కటి లేదు. ఆ ఇంట్లో అటక నిండా కట్టెలున్నాయి కదయ్యా," అంది.

"ఆ ఇంట్లోవి ముట్టుకోకూడదు," అంది అమ్మ. ఆవిడ ఏడుస్తూనే అంది.

బిడ్డ బాగానే ఉంది, తల్లి వేలు పట్టుకునేది. మూడోనాటికి ఊపిరి ఎగపీల్చడం మొదలైంది. కొత్తపేట నుంచి వైద్యుణ్ణి తెచ్చేం. పొడిచోట ఉంచండి అని చెప్పేడు. పాకలో పొడిచోటంటే వదిన ఒడే. తొమ్మిదోనాడు పొద్దున నేను బంగళాకు బయల్దేరుతుంటే అన్న పాకలోంచి వచ్చి, "ఇవాళ వెళ్ళకురా," అన్నాడు. అంతే అన్నాడు. నేను పార తెచ్చాను.

ఊరంతా వచ్చి పలకరించి వెళ్ళింది. ప్రతివాళ్ళూ ఒకే మాట. గంగాధరం చెప్పేడు, చెప్పినట్టే జరిగింది. ఆ ఏడు పక్క ఊళ్ళ నుంచి కూడా ఈకలు పట్టుకుని నా దగ్గరకు వచ్చేరు. నేను పాకలో ముసుగుతన్ని పడుకునేవాణ్ణి. బిడ్డ కోసం బెంగపెట్టుకున్నాడు, మెత్తని మనసు, అనుకున్నారు.

ఫాల్గుణం చివర పెద్దలు పాక ముందు కూర్చున్నారు. అమ్మే పిలిపించింది. ఆవిడ వదినను తిట్టలేదు. భయపడింది. "అది చేతులారా దాన్ని పట్టుకుందండి. బిడ్డను మోస్తూ గుడ్లగూబను ముట్టుకుంది. దానికింక సంతు నిలవదండి. నాకున్నది ఇద్దరు కొడుకులు. పెద్దాడి వంశం పోతుంది. దాన్ని అన్నగారింట దిగబెట్టి, వీడికి ఇంకో సంబంధం చూస్తాను," అంది.

సిద్ధాంతిగారు కాదనలేదు. కామరాజుగారు అన్న వైపు చూసేరు. అన్న నేల చూసేడు.

వదిన పాక గుమ్మంలో నిలబడి ఉంది. చిక్కిపోయింది. "నేను వెళ్ళనండి. నా బిడ్డను ఈ తోటలో పెట్టేను. ఇక్కడే ఒక మూల పడి ఉంటాను. ఆయన ఇంకో పెళ్ళి చేసుకుంటానన్నా సరేనండి. నన్ను మాత్రం పంపకండి," అంది.

"అలా కుదరదమ్మా," అన్నారు సిద్ధాంతిగారు, మెత్తగానే.

అప్పుడు నేను లేచాను. ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకున్నవాడికి ఎలా వచ్చిందో మాట వచ్చింది.

"అది గుడ్లగూబ కాదండి. ఆడుకోయిలండి. నేను తప్పు చెప్పేను. కోయిల్లో మగది నలుపు, ఆడది మచ్చలు. బంగళా తోటలో కళ్ళారా చూశానండి. దొరగారి కాగితంలో రాసి ఉంది. మా వదినగారు మొదటే చెప్పేరు, తోక పొడుగు, కళ్ళు ఎరుపు అని. ఆవిడ చెప్పిందే నిజమండి."

కామరాజుగారు నవ్వేరు, ప్రేమగా. "కోయిల నల్లగా ఉంటుందిరా అబ్బాయ్. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాం."

"వదినంటే ప్రాణం వాడికి," అంది అమ్మ కళ్ళొత్తుకుంటూ. "దాన్ని పంపకుండా ఉండడానికి ఎంత కథ కట్టుకొచ్చేడో చూడండి. వాడి నోట అబద్ధం రావడం ఇదే మొదలు."

"ఉండాలయ్యా ఇలాంటి మరిది," అన్నారు సిద్ధాంతిగారు. "తన మాట తనే తప్పు చేసుకుంటున్నాడు. ఎవరి కోసం? సత్తియ్యా, నీ తమ్ముడు బంగారం."

అన్న వచ్చి నా భుజం మీద చెయ్యి వేసేడు. "ఊరుకోరా," అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. నేను బంగారాన్నని అతనూ నమ్మేడు.

వదిన ఒక్కతే నమ్మలేదు. అంటే, నేను చెప్పింది నమ్మింది. గుమ్మంలోంచి రెండడుగులు ముందుకు వచ్చింది. ఆవిడ నా కళ్ళలోకి సూటిగా చూడడం అదే మొదటిసారి.

"తోటలో చూశానన్నారు. ఎప్పుడు చూశారండీ మరిదిగారూ?"

అబద్ధం చెప్పవచ్చు. నిన్న చూశానంటే సరిపోయేది.

"శివరాత్రికి తొమ్మిది రోజుల ముందు," అన్నాను.

పాక పైన తాటాకు గాలికి కదులుతోంది. "ఆయ్," అంది వదిన, చాలా మెల్లగా. లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే బట్టల మూట కట్టుకుని తనే బయటికి వచ్చింది. పంపకండి అని పెద్దలందరి ముందూ అడిగిన మనిషి, పడవ ఎప్పుడని మా అన్నను అడిగింది. బిడ్డను పెట్టిన చోట కాసేపు కూర్చుని లేచింది. కాలువ రేవులో అమ్మకు చెప్పింది, అన్నకు చెప్పింది, వీరవేణికి చెప్పింది. మూట నేనే మోసుకెళ్ళాను. నా చేతిలోంచి అందుకుని పడవలో పెట్టుకుంది. నా వైపు చూడలేదు. పడవ కదిలేక ఆవిడ వెనక్కి తిరగలేదు.

మరుసటి ఏడు అన్నకు మళ్ళీ పెళ్ళయింది. పిల్లలు పుట్టేరు. శాంతి చేయించుకుని ఆ ఇంట్లోనే ఉన్నాం. పోలవరం వైపు పడవలు వెళ్ళేవి. ఎక్కాలని రెండుసార్లు రేవు దాకా వెళ్ళి వచ్చేశాను. దొర ఆ వేసవిలోనే ధవళేశ్వరం వెళ్ళిపోయాడు, కాగితాలు కూడా తీసుకుపోయాడు.

మా ఊళ్ళో మరిది ఎవరైనా వదినను చిన్నచూపు చూస్తే పెద్దవాళ్ళు నా పేరు చెబుతారు. ఇప్పటికీ చెబుతున్నారు. వదిన కోసం పంచాయతీలో నిలబడి తన పరువు పోగొట్టుకోడానికి సిద్ధపడ్డాడని పిల్లలకు కథగా చెబుతారు. నేను పక్కనే ఉంటే నా వైపు చూపించి మరీ చెబుతారు.

నేను తల వంచుకుని వింటాను. అది అణకువ అనుకుంటారు.